మోడెం మూగబోతే ముందు చూడాల్సినవి

టెలిఫోన్ లైను మీద కంప్యూటరును ఇంటర్నెట్‌కు కలిపే డయలప్ మోడెం నుంచి, డయల్ చేసేటప్పుడు చప్పుడు రాకపోతే చాలామంది కార్డు పోయిందని తేల్చేస్తారు. తొందరపడకండి. డేటా వెళ్లే దారి వేరు, స్పీకరు దారి వేరు. స్పీకరు పలకకపోయినా కనెక్షన్ కుదురుతుంది. అయినా దాన్ని బాగుచేసుకోవాలి, ఎందుకంటే లైనులో లోపం ఎక్కడుందో మీటరు లేకుండా చెప్పేది ఆ చప్పుడే.

కనెక్షన్ కుదిరాక వచ్చే నిశ్శబ్దం లోపం కాదు. మోడెంలు మామూలుగా ఎం1 అనే స్పీకరు అమరికలో ఉంటాయి. అవతలి మోడెం క్యారియర్ (డేటాను మోసే స్వరం) అందేదాకే స్పీకరు మోగుతుంది. మొదటి నుంచీ ఏమీ వినబడకపోతేనే వెతకాలి.

విండోస్ 98లోనో ఎక్స్‌పీలోనో హైపర్‌టెర్మినల్ (మోడెంకు ఆదేశాలు పంపే ప్రోగ్రాం) తెరిచి, మోడెం ఉన్న కామ్ పోర్టు (కంప్యూటరు మోడెంతో మాట్లాడే దారి) ఎంచుకోండి. లోపలి కార్డయితే తరచుగా కామ్3. ఏ, టి అక్షరాలు (ఆదేశాలన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే: AT) కొట్టి ఎంటర్ నొక్కితే ‘ఓకే’ రావాలి. రాకపోతే తగాదా స్పీకరుతో కాదు, డ్రైవరుతోనో పోర్టుతోనో. వస్తే ‘ఏటీ ఎం2 ఎల్3’ ఇవ్వండి: ఎం2 అంటే స్పీకరు ఎప్పుడూ ఆన్, ఎల్3 అంటే గరిష్ఠ శబ్దం. తర్వాత ‘ఏటీ హెచ్1’ కొడితే మోడెం రిసీవరు ఎత్తినట్టు లైను పట్టుకుంటుంది. పాత కార్డుల్లో రిలే (లైను కలిపే చిన్న స్విచ్చి) టిక్కుమంటుంది, వెంటనే డయల్ టోన్ వినబడాలి. విన్నాక ‘ఏటీ హెచ్0’తో లైను వదిలేయండి, లేకుంటే ఇంటికి ఫోన్ చేసేవాళ్లకు ఎంగేజే వస్తుంది.

టోన్ వినిపించిందంటే యంత్రం బాగానే ఉంది, విండోసే దాని నోరు నొక్కుతోంది. కంట్రోల్ ప్యానెల్‌లో మోడెం ప్రాపర్టీస్ తెరిచి వాల్యూమ్ మీట పైకి జరపండి. అది అట్టడుగున ఉంటే విండోస్ ప్రతి డయలింగ్‌కు ముందు ఎం0 పంపి స్పీకరు ఆపేస్తుంది. ఎక్స్‌పీలో ఇంకో మెలిక ఉంది: డయలప్ కనెక్షన్ ప్రాపర్టీస్‌లో కాన్ఫిగర్ నొక్కితే మోడెం స్పీకరుకు విడిగా ఓ టిక్కు గడి కనిపిస్తుంది. ఎక్కువమంది దాన్ని చూడరు. వాల్యూమ్ మీట బూడిద రంగులో కదలకుండా ఉంటే, ‘స్టాండర్డ్ మోడెం’ అనే సాధారణ డ్రైవరు పడిందేమో చూడండి. తయారీదారు డ్రైవరు వేస్తే మీటకు ప్రాణం వస్తుంది.

టోన్ రాలేదా? ఇప్పుడు కార్డు వైపు చూడాలి. కొన్ని కార్డుల మీద నల్లటి గుండ్రటి బజరు ఉంటుంది, దాని రంధ్రం మీద ఫ్యాక్టరీ స్టిక్కరు అలాగే ఉండిపోయిందేమో చూసి పీకేయండి. బజరు లేని, ఎక్కువ పని కంప్యూటరు సాఫ్ట్‌వేరుకే వదిలే సాఫ్ట్‌మోడెంలు సౌండ్ కార్డు ద్వారా మోగుతాయి. వాటి నుంచి నాలుగు పిన్నుల తీగ సౌండ్ కార్డులోని టీఏడీ (ఫోన్ శబ్దం తీసుకునే) సాకెట్‌కు వెళ్లాలి. చాలా కార్డుల్లో అది ఆకుపచ్చది. పక్కనే ఉండే నల్లటి సాకెట్ సీడీ డ్రైవుది, ఆకారం అదే కావడంతో తీగ అక్కడికి వెళ్లిపోతుంటుంది. తీగ సరిగా ఉన్నా, వాల్యూమ్ కంట్రోల్‌లో ఫోన్ లేదా టీఏడీ గడి మ్యూట్‌లో ఉంటే ఒక్క చప్పుడూ రాదు. అది తెర మీద కనబడకపోతే ఆప్షన్స్‌లో ప్రాపర్టీస్ తెరిచి టిక్కు పెట్టండి. కార్డు కాళ్లకు నలుపు పట్టి ఉంటే కంప్యూటర్ ప్లగ్గు పీకేసి, మెత్తటి రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి.

ఇక లైను. కార్డు వెనక ‘లైన్’, ‘ఫోన్’ అని రెండు సాకెట్లు. గోడ తీగ లైన్‌లోకే వెళ్లాలి. అదే తీగకు మామూలు ఫోన్ తగిలించి టోన్ వినండి. ఫోన్‌లో టోన్ ఉండి, స్పీకరులో మాత్రం రాక, మోడెం ఓకే అంటూనే ‘నో డయల్‌టోన్’ చూపిస్తుంటే లైను వైపు భాగం కాలిపోయి ఉండవచ్చు. విజయవాడ, గుంటూరుల్లో వేసవి సాయంత్రాల ఉరుముల వానలు, అక్టోబరు నవంబరు తుఫాన్లు మోడెంలకు బద్ధశత్రువులు. పిడుగు దెబ్బ ఫోన్ తీగ గుండా కూడా వస్తుంది, కాబట్టి కరెంటు ప్లగ్గు ఒక్కటీ పీకితే చాలదు, ఆ తీగ కూడా పీకాలి. ఫోన్ టోన్ మంచిదై, స్పీకరులో కూడా టోన్ వినబడుతూ, మోడెం మాత్రం ‘నో డయల్‌టోన్’ అంటే అది మన టోన్‌ను పోల్చుకోలేకపోతోంది. మన దేశంలో డయల్ టోన్ 400 హెర్ట్జ్ స్వరం, 25 హెర్ట్జ్‌తో ఊగుతుంది. అలాంటప్పుడు ‘ఏటీ ఎక్స్3’ ఇస్తే టోన్ కోసం ఆగకుండా డయల్ చేస్తుంది.

చప్పుడు తిరిగొచ్చాక చెవి పెట్టి వినండి. డయల్ చేసే ప్రతి అంకెకూ రెండు స్వరాలు కలిసి మోగుతాయి. విజయవాడ కోడ్ 0866లో చివరి 6కు 770, 1477 హెర్ట్జ్. గుంటూరు 0863లో చివరి 3కు 697, 1477. అంటే రెండు ఊళ్లకూ తేడా ఆ కింది స్వరంలో 73 హెర్ట్జ్ మాత్రమే. తర్వాత అవతలి నుంచి 2100 హెర్ట్జ్ సన్నటి కూత, అది రాకుంటే అటు మోడెం ఎత్తలేదు. ఆ పైన బుసబుస హోరు. అది మళ్లీ మళ్లీ మొదలవుతుంటే లైనులో రొద ఉన్నట్టే. రాగి లైను తీసేసి ఫైబరు పెట్టె ఫోన్ సాకెట్‌కు తగిలిస్తే ఇది ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే శబ్దం ప్యాకెట్లుగా వెళ్తుంది, ఒక్కటి రాలినా మోడెం తడబడుతుంది. ‘ఏటీ+ఎంఎస్=వి34’ అని వేగాన్ని 33.6 కిలోబిట్లకు పరిమితం చేయండి. అదీ నిలవకపోతే ‘వి32బి’తో 14.4కు దించండి.