పాత నాణేలు: శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చెరువు పూడిక తీసినప్పుడో, ఇంటి పునాది తవ్వినప్పుడో పాత నాణెం బయటపడటం వింతేమీ కాదు. వంశధార గట్టున శాలిహుండం బౌద్ధ స్తూపాలు, అదే నది ఒడ్డున గంగరాజుల రాజధాని ముఖలింగం, విజయనగరానికి చేరువలో రామతీర్థం ఉన్న నేల ఇది. రెండువేల ఏళ్లుగా ఇక్కడి మనుషులు కొన్నారు, అమ్మారు, దానాలు చేశారు, ఆపద వచ్చినప్పుడు పాతిపెట్టుకున్నారు. అయితే ఈ నాణేలను చదివే పనిలో ఉన్న నావంటివారి చేతికి వచ్చేసరికి వాటిలో చాలావరకు తాము చెప్పగలిగినదాంట్లో సగం పోగొట్టుకునే వస్తున్నాయి. దానికి కారణమవుతున్న అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: నాణెం ఎంత పాతదైతే అంత ధర పలుకుతుంది.

ధరను నిర్ణయించేవి అరుదుదనం, నాణెం స్థితి, కొనేవారి ఆసక్తి. 1835 నాటి ఈస్టిండియా కంపెనీ కాలణాలు లెక్కకు మిక్కిలిగా ముద్రితమయ్యాయి కాబట్టి అవి ఇప్పటికీ విరివిగా దొరుకుతాయి, ధర కూడా స్వల్పమే. రామపట్టాభిషేకం, హనుమంతుడి బొమ్మలతో, 1818 సంవత్సరంతో, కంపెనీ పేరుతో కనిపించే బిళ్లలు అసలు నాణేలే కావు. కంపెనీ టంకశాలల్లో అటువంటివి ఎన్నడూ తయారు కాలేదు. ఇక బియ్యపు గింజలను లాగే ‘రైస్ పుల్లర్’ నాణెం పేరిట జరిగేది పచ్చి మోసం. గింజలకు ఇనుప రజను పట్టించి, లోహపు బిళ్లలో అయస్కాంతం దాచితే ఆ ప్రదర్శన ఎవరైనా చేయవచ్చు. రాగికి గాని, ఇత్తడికి గాని బియ్యాన్ని లాగే గుణం లేదు. దీన్ని నమ్మి భూములు తాకట్టు పెట్టుకున్న కుటుంబాలున్నాయి కనుకనే ఇంత గట్టిగా చెప్పవలసి వస్తోంది.

అసలు విలువ వేరే చోట ఉంటుంది. కరీంనగర్ ప్రాంతంలోని కోటిలింగాలలో దొరికిన చిన్న నాణేలు బజారులో ఎంత పలుకుతాయన్నది నాకు ముఖ్యం కాదు. పురాణాల వంశావళిలోనూ, మహారాష్ట్రలోని నానేఘాట్ శాసనంలోనూ పేరు మాత్రమే కనిపించే తొలి శాతవాహన రాజు చిముకుడి నాణేలు అక్కడ బయటపడ్డాయి. గోబద, నారన, కంవాయ, సమగోప అనే పాలకులు ఒకప్పుడు ఉండేవారని మనకు తెలిసింది కూడా ఆ నాణేల వల్లనే. అవన్నీ ఒకే ఊరికి చెందినవని తెలియకుండా విడివిడిగా చేతులు మారి ఉంటే ఆ చరిత్ర మనకు దక్కేది కాదు.

అపోహ: పరాయి దేశపు నాణెం దొరికితే ఆ దేశంవారు ఇక్కడికి వచ్చి ఏలారని అర్థం.

ఈ అపోహ చదువుకున్నవారిలోనే ఎక్కువ. విశాఖ తీరంలోని తొట్లకొండ బౌద్ధారామంలో శాతవాహనుల సీసపు నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. వాటిని బట్టి సముద్ర వ్యాపారపు సొమ్ము దానాల రూపంలో భిక్షువుల ఆరామం దాకా చేరిందని ఊహించవచ్చు గాని, రోమన్లు ఈ కొండ ఎక్కారని చెప్పలేం. ఆంధ్రలో దొరికిన రోమన్ బంగారు నాణేలు కొన్నింటిపై చక్రవర్తి మెడకు అడ్డంగా లోతైన గాటు కనిపిస్తుంది. మరికొన్నింటికి రంధ్రమో, కొక్కెమో ఉంటుంది, అంటే అవి మెడలో నగలుగా వేలాడాయి. మన ఇళ్లలోని కాసులపేరుకు ఇంత పాత బంధువులున్నారన్న సంగతి నాకు ఎప్పుడూ ఆనందం కలిగిస్తుంది. చక్రవర్తి బొమ్మ మీద గాటు పెట్టగలిగినవారు అతని అధికారాన్ని లెక్కచేశారని అనుకోలేం. వారు చూసినది బంగారం తూకాన్నే.

మనకు పొరుగునే ఉన్న గంజాం నుంచి పూరీ దాకా తీరం వెంబడి ‘పూరీ కుషాణ’ నాణేలనే రాగి బిళ్లలు దొరుకుతాయి. వాటి మీద ఉత్తరాదిని ఏలిన కుషాణ రాజు నిలువెత్తు బొమ్మను పోలిన ఆకారం మోటుగా ఉంటుంది. కుషాణుల అసలు నాణేలను అచ్చుతో కొట్టి ముద్రించారు. వీటిని మాత్రం మూసలో పోత పోశారు. తయారీ పద్ధతే మారిందంటే అవి కుషాణుల టంకశాల నుంచి వచ్చినవి కావని, ప్రజలకు అలవాటైన ఒక రూపాన్ని స్థానికులు తమ అవసరానికి వాడుకున్నారని తెలుస్తుంది. అంచును భూతద్దంతో చూస్తే ఈ తేడా పట్టుబడుతుంది.

అపోహ: రాజు పేరు లేని నాణెం ఏమీ చెప్పదు.

తూర్పు గంగరాజుల బంగారు ఫణాన్నే తీసుకోండి. అర గ్రాము కూడా తూగని ఈ నాణెం మీద ఒకవైపు పడుకున్న నంది ఉంటుంది. రెండోవైపు ‘స’ అనే అక్షరం, దాని పక్కన అంకుశం, కింద అంకెలు ఉంటాయి. రాజు పేరు ఎక్కడా కనిపించదు. ‘స’ అంటే సంవత్సరం, అంకె రాజ్యపాలన సంవత్సరం. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుడు డెబ్బై ఏళ్లకు దగ్గరగా పాలించాడు. మిగిలినవారిలో అంతకాలం పాలించినవారు లేరు. అందువల్ల అంకె పెద్దదయ్యేకొద్దీ ఆ నాణెం వేయించగలిగిన రాజుల సంఖ్య తగ్గుతూ వస్తుంది.

ఇక్కడ మరొక చిక్కు ఉంది. గంగరాజులే తర్వాతి కాలంలో వేయించిన శాసనాల్లో ‘అంకం’ అనే లెక్క వాడుకలోకి వచ్చింది. ఆ లెక్కలో ఒకటిని వదిలేస్తారు, ఆరుతో ముగిసే అంకెలను వదిలేస్తారు, పదిని మాత్రం ఉంచి సున్నతో ముగిసే మిగతావాటినీ వదిలేస్తారు. కనుక 15వ అంకం అసలు 13వ ఏడాది, 35వ అంకం అసలు 29వ ఏడాది. ఈ లెక్క తెలియకుండా అంకెను ఉన్నదున్నట్టు చదివితే పాలనాకాలమంతా జరిగిపోతుంది. ఇటువంటి ఫణాలు ఎన్నో దొరికిన వెంటనే కంసాలి మూసలోకి వెళ్లి కరిగిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. పోయేది చిటికెడు బంగారం కాదు, ఒక సంవత్సరం తాలూకు సాక్ష్యం.

బొమ్మ మీద బొమ్మ పడిన నాణేలు కూడా ఇలాగే మాట్లాడతాయి. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 13,000కు పైగా పశ్చిమ క్షత్రప రాజు నహపానుడి వెండి నాణేలు దొరికాయి. వాటిలో 9,000కు పైగా నాణేలపై శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తులు మళ్లీ కొట్టించాడు. ఎవరు ఎవరిని ఓడించారో చెప్పే శాసనానికి ఈ నిధి తిరుగులేని తోడు.

అపోహ: తోమి మెరిపిస్తే నాణెం బాగా కనిపిస్తుంది.

ఇత్తడి బిందెకు పనికొచ్చే చింతపండు, ముగ్గుపిండి నాణేనికి శత్రువులు. రాగి మీద ఏర్పడే ముదురు పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది, అక్షరాల అంచులు చాలాసార్లు ఆ పొరలోనే మిగిలి ఉంటాయి. సీసం గోటితో గీసినా గీత పడేంత మెత్తన. శాతవాహనుల సీసపు నాణేన్ని మేము చీకటి గదిలో పెట్టి, దీపాన్ని పక్క నుంచి బాగా వాల్చి, నాణేన్ని మెల్లగా తిప్పుతాం. నీడ ఒక కోణంలో పడినప్పుడు ముందు ఏనుగు వీపు, ఆ తర్వాత ఎత్తిన తొండం, దాని పైన అంచు వెంబడి బ్రాహ్మీ అక్షరాలు రెండో మూడో లేస్తాయి. తోమిన నాణెం మీద ఏ కోణంలోనూ నీడ పడదు. కళింగపట్నం వంటి ఉప్పుగాలి ఊళ్లలో రాగి మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే అది లోహాన్ని తినేసే జబ్బు అని గుర్తించి, నాణేన్ని పొడి చోట విడిగా ఉంచాలి. సీసపు నాణేలను చెక్క పెట్టెలో పెట్టకూడదు; చెక్క విడిచే ఆమ్లపు ఆవిరికి అవి తెల్లగా పొడి అవుతాయి.

అపోహ: లంకెబిందెలు దొరికాయని చెబితే ప్రభుత్వం మొత్తం ఊడ్చుకుపోతుంది.

1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దాగి ఉండి దొరికినదాని విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలియజేయాలి. విచారణలో దానికి హక్కుదారు లేడని తేలితే, భూమి యజమాని కూడా వాటా కోరి, ఇద్దరి మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు మూడు వంతులు దొరికించుకున్నవారికి, ఒక వంతు భూమి యజమానికి చెందుతాయి. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహపు విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలి. చెప్పకుండా దాచినవారికే ఆ వాటా పోయి శిక్ష పడుతుంది. నూరేళ్లు దాటిన నాణేలను దేశం దాటించడం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నేరం.

కనుక నాణెం కనిపించినప్పుడు చుట్టూ ఉన్న మట్టిని కదపకుండా ఫోటో తీయండి. ఊరు, సర్వే నంబరు, ఎంత లోతులో ఉందో కాగితం మీద రాయండి. అది కుండలో ఉంటే పగిలిన పెంకులను పారేయవద్దు, ఎందుకంటే నాణెం మీద ఏమీ మిగలకపోయినా పెంకును బట్టి కాలం చెప్పగలం. ఎన్ని దొరికాయో అన్నింటినీ కలిపే ఉంచండి. బాగున్నవి ఏరుకుని అరిగినవి వదిలేస్తే, ఆ డబ్బు ఎంతకాలం చేతులు మారిందో తెలిపే ఆధారం అరిగిన నాణేలతోనే పోతుంది.