ఏడుగురున్నా ఎందుకు దక్కలేదు? ఐరాస అగ్రపీఠం వెనుక కథ

ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరస్ పదవీకాలం 2026 డిసెంబరు 31తో ముగుస్తుంది. ఆ కుర్చీలో ఈసారైనా మహిళ కూర్చుంటారా అన్న వాదన మళ్లీ రాజుకుంది. చిలీ మాజీ అధ్యక్షురాలు మిషెల్ బాచెలెట్, కోస్టారికాకు చెందిన రెబెకా గ్రిన్‌స్పాన్ పేర్లు ఒకవైపు, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి రఫాయెల్ గ్రోసీ పేరు మరోవైపు ముందుకొచ్చాయి. ఎనభై ఏళ్లలో వచ్చిన తొమ్మిదిమందీ మగవాళ్లే, ఇంకెన్నాళ్లని ఒక పక్షం అడుగుతోంది. ఆడా మగా అని కాదు, సమర్థులెవరో చూడండని మరో పక్షం అంటోంది.

సమితి ఎలా పుట్టింది, ఏ దశాబ్దంలో ఎవరు ఏలారు అన్నది పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. ఈ తగవు అర్థం కావాలంటే చూడాల్సింది 2016 సంవత్సరం. అంతకుముందు వరకూ చెప్పిన సాకు ఆ ఏడాది చెల్లకుండా పోయింది.

పోటీలో మహిళలే లేకపోతే ఎన్నుకునేదెవరిని అన్నది ఆ సాకు. 2006లో నిజంగానే ఒక్కరే ఉన్నారు, లాత్వియా అధ్యక్షురాలు వైరా వీకే-ఫ్రైబెర్గా. మన శశి థరూర్ రెండో స్థానంలో నిలిచిన పోటీ అదే. భద్రతా మండలి చివరి అనధికార ఓటింగులో బాన్ కీ మూన్‌కు 14 దేశాలు, థరూర్‌కు 10, ఆమెకు 5 మద్దతు పలికాయి.

2015 సెప్టెంబరులో సభ్యదేశాలన్నీ ఉండే సర్వప్రతినిధి సభ ఒక తీర్మానం చేసింది. మహిళల పేర్లు కూడా పంపండని సభ్యదేశాలను కోరింది. అభ్యర్థుల వివరాలు అందరికీ తెలిసేలా పెట్టాలని, వాళ్లు సభ ముందుకొచ్చి ప్రశ్నలకు జవాబు చెప్పే ఏర్పాటు ఉండాలని చెప్పింది. ఫలితం వెంటనే కనిపించింది. 2016లో మొత్తం 13 మంది నిలబడితే అందులో ఏడుగురు మహిళలు. న్యూజిలాండ్‌ను తొమ్మిదేళ్లు ఏలి, ఆపై ఐరాస అభివృద్ధి కార్యక్రమాన్ని నడుపుతున్న హెలెన్ క్లార్క్. యునెస్కో అధినేత్రి ఇరీనా బొకోవా. పారిస్ వాతావరణ ఒప్పందం వెనుక పనిచేసిన క్రిస్టియానా ఫిగెరెస్. అర్జెంటీనా విదేశాంగ మంత్రి సుసానా మాల్కోరా. క్రొయేషియా, మాల్డోవా దేశాల్లో విదేశాంగ శాఖ చూసిన వెస్నా పుసిచ్, నతాలియా గెర్మన్. ఆఖర్లో వచ్చిన క్రిస్టలీనా జార్జియేవా. ఇలాంటి జాబితా చూశాక మహిళలు దొరకడం లేదని ఇక ఎవరూ అనలేకపోయారు.

అయినా వీళ్లలో ఒక్కరికీ పదవి దక్కలేదు. కారణం, పేరు ఎంచి సభకు సిఫారసు చేసే భద్రతా మండలి గదిలో జరిగే పనిలో ఉంది.

ఆ గదిలో పదిహేను దేశాల రాయబారులు కూర్చుంటారు. 2016లో ఆ పదిహేనుమందిలో మహిళ ఒక్కరే, అమెరికా రాయబారి సమంతా పవర్. ఒక్కో అభ్యర్థి పేరు మీద చీటీ నింపాలి. ప్రోత్సహిస్తున్నాం, నిరుత్సాహపరుస్తున్నాం, అభిప్రాయం లేదు అన్న మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఎందుకు వద్దన్నారో రాయనక్కర్లేదు, బయటికొచ్చి చెప్పనక్కర్లేదు. మొదట్లో అందరి చీటీలూ ఒకేలా ఉంటాయి. చివరి దశలో మాత్రం అయిదు శాశ్వత సభ్యదేశాలకు వేరే రంగు చీటీలిస్తారు. ఆ రంగు చీటీ మీద 'వద్దు' పడిందంటే అది వీటో కింద లెక్క, ఆ పేరును ఆపేయడానికి అదొక్కటి చాలు.

జూలై 21న తొలి విడత. గుటెరస్‌కు 12 దేశాలు సరేనన్నాయి, కాదన్నవాళ్లు లేరు. బొకోవాకు 9 వచ్చాయి, మూడో స్థానం. ఇంతవరకూ ఆమెకు ఆశ ఉంది. సెప్టెంబరు 26 నాటి అయిదో విడతకు ఆమె ఆరో స్థానానికి జారారు. రెండు రోజుల్లోనే ఆమె సొంత దేశం బల్గేరియా మద్దతు వెనక్కి తీసుకుని, యూరోపియన్ కమిషన్ ఉపాధ్యక్షురాలు జార్జియేవా పేరు పంపింది. బొకోవా తప్పుకోలేదు. ప్రాంతాల వంతు ప్రకారం పదవి తూర్పు యూరప్‌కే రావాలన్న మాట బలంగా ఉన్న ఏడాదిలో, ఒకే దేశం నుంచి ఇద్దరు మహిళలు ఎదురెదురుగా నిలబడాల్సి వచ్చింది. అక్టోబరు 5న రంగు చీటీలతో ఆరో విడత జరిగింది. గుటెరస్‌కు 13. బొకోవాకు 7 అనుకూలం, 7 వ్యతిరేకం. వారం కిందటే బరిలోకి దింపిన జార్జియేవాకు 5 అనుకూలం, 8 వ్యతిరేకం. ఆ రోజు రష్యా రాయబారి విటాలీ చుర్కిన్ మిగతా రాయబారులను వెంటబెట్టుకుని బయటికొచ్చి గుటెరస్ పేరు ప్రకటించారు. అక్టోబరు 13న సర్వప్రతినిధి సభ కరతాళ ధ్వనులతో ఆమోదం తెలిపింది.

గుటెరస్ అన్ని విడతల్లోనూ ముందున్నారు, పదేళ్లు శరణార్థుల సంస్థను నడిపారు, సభ ముందు జవాబులు బాగా చెప్పారు అన్నది రెండో పక్షం వాదన. అది నిజమే. ఆయన అర్హతను ఎవరూ శంకించలేదు. కానీ సమర్థతే కొలబద్ద అనేవాళ్లు ఒక సంగతికి బదులు చెప్పాలి. ఆ గదిలో 8 దేశాలు వద్దన్న జార్జియేవా 2019లో అంతర్జాతీయ ద్రవ్యనిధి పగ్గాలు చేపట్టారు. ప్రపంచ ఆర్థిక వ్యవస్థకు తగిన మనిషి సమితికి ఎందుకు తగలేదు? కారణం చెప్పనక్కర్లేని ఓటు కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరికీ లేదు.

గుటెరస్ వచ్చాక జరిగింది చూసినా అడ్డు ఆ గదిలోనే ఉందని తేలుతుంది. ఉప ప్రధాన కార్యదర్శిగా నైజీరియాకు చెందిన అమీనా మహమ్మద్‌ను నియమించారు. సమితి పైస్థాయి అధికారుల్లో స్త్రీపురుషుల సంఖ్య 2020 నాటికి సమానమైంది. ఆ నియామకాలు ప్రధాన కార్యదర్శి చేతిలోనివి, వాటికి వీటో లేదు. అలాగని ఓటింగ్ ఉన్న చోటల్లా తప్పు అయిదు పెద్ద దేశాలదేనని అనలేం. వీటో ఊసే లేని సర్వప్రతినిధి సభ అధ్యక్ష పదవికి కూడా ఇప్పటివరకూ అయిదుగురు మహిళలే ఎన్నికయ్యారు. అందులో మొదటి పేరు మనది, 1953లో విజయలక్ష్మీ పండిట్.

అదే ఏడాది మార్చిలో ఆమె పేరు ప్రధాన కార్యదర్శి పదవికీ వచ్చింది. ప్రతిపాదించింది సోవియట్ యూనియన్. అప్పుడు మండలిలో పదకొండు దేశాలే. అనుకూలంగా 2, వ్యతిరేకంగా 1, తటస్థంగా 8. చివరికి స్వీడన్‌కు చెందిన డాగ్ హామర్‌షోల్డ్‌ను ఎంచుకున్నారు. ఆమె గుణగణాల మీద చర్చ జరిగి ఓడిపోలేదు. ప్రచ్ఛన్న యుద్ధపు రెండు శిబిరాల మధ్య ఆ పేరు నలిగిపోయింది.

ఈ పద్ధతికి మూలం 1946 జనవరి నాటి సర్వప్రతినిధి సభ తీర్మానం. మండలి ఒకే ఒక్క పేరు పంపితే మంచిదని, ఆ పేరు మీద సభలో చర్చ లేకుండా చూడాలని అందులో రాసుకున్నారు. సమితి నియమావళి 97వ అధికరణ మండలి సిఫారసు మీద సభ నియమిస్తుందని మాత్రమే చెబుతుంది, ఒక్కపేరే అన్న షరతు అందులో లేదు. 2015లో చాలా దేశాలు, పౌర సంఘాలు రెండు మూడు పేర్లు పంపించమని గట్టిగానే అడిగాయి. తుది తీర్మానంలో ఆ మాటకు చోటు దక్కలేదు. నా దృష్టిలో 2016 ఫలితం అక్కడే ఖాయమైంది. అభ్యర్థుల ముఖద్వారం తెరిచి, లోపలి గదిని ఉన్నది ఉన్నట్టే ఉంచారు. మండలి నుంచి మూడు పేర్లు వచ్చి ఉంటే 193 దేశాల ముందు కనీసం ఒక మహిళ పేరుండే అవకాశం పెరిగేది.

2021లో ఆ ముఖద్వారం కూడా సగం మూసుకుంది. గుటెరస్ రెండోసారి కోరుకున్నారు. హరియాణాలో పుట్టి కెనడా పౌరురాలైన ఆరోరా ఆకాంక్ష, ఐరాసలోనే ఆడిట్ విభాగంలో పనిచేస్తున్న 34 ఏళ్ల యువతి, తానూ పోటీకి సిద్ధమని ప్రకటించారు. ఏ దేశమూ ఆమె పేరు పంపలేదు. మండలి జూన్ 8న గుటెరస్ ఒక్కరినే సిఫారసు చేసింది. ఆ ఏడాది భారత్ కూడా మండలి సభ్యదేశమే. గుటెరస్‌కు మద్దతు ముందే ప్రకటించింది.

2025 సెప్టెంబరు 5న సర్వప్రతినిధి సభ మరో తీర్మానం చేసింది. ఇంతవరకూ ఒక్క మహిళా ప్రధాన కార్యదర్శి కాలేదని విచారం వెలిబుచ్చింది, మహిళల పేర్లను గట్టిగా పరిశీలించమని దేశాలను కోరింది. మండలి నుంచి ఒకటికి మించి పేర్లు రావాల్సిందేనన్న షరతు మాత్రం ఈసారీ లేదు. ప్రతిభే ప్రమాణమని అమెరికా అంటోంది, రష్యా మాటా దాదాపు అదే. వంతు ప్రకారం లాటిన్ అమెరికా పేరే రావాలన్న వాదన ఇంకొకటి. బాచెలెట్, గ్రిన్‌స్పాన్, గ్రోసీ ముగ్గురూ ఆ ప్రాంతం వాళ్లే కాబట్టి ఆ వాదనతో ఈ తగవు తెగదు.

మండలి ఎంపిక ప్రక్రియ 2026 జూలై నెలాఖరుకల్లా మొదలుకావాలన్నది అభ్యర్థిత్వాలను ఆహ్వానిస్తూ రాసిన లేఖలోని గడువు. 1946 తీర్మానం సభ రాసుకున్నదే కాబట్టి దాన్ని సభే మార్చుకోవచ్చు. అందుకు నియమావళి సవరణ అక్కర్లేదు, వీటో వర్తించదు. భారత్ ఇప్పుడు మండలిలో లేదు. సర్వప్రతినిధి సభలో మాత్రం దానికి అందరితోపాటు ఒక ఓటుంది. ఒకటికి మించి పేర్లు పంపమని అడిగే తీర్మానాన్ని ప్రతిపాదించడానికి ఆ ఒక్క సభ్యత్వం చాలు.