ముఖం చూసి వయసు చెప్పగలమా? కౌంటర్లో ఐడీ అడగడంపై అపోహలు - వాస్తవాలు

బిల్లింగ్ కౌంటర్లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. కొన్నాళ్లుగా కొత్తవాళ్లకు పని నేర్పే బాధ్యత కూడా నాదే. బిల్లు కొట్టడం, చిల్లర లెక్క, తిరిగొచ్చిన సరుకు తీసుకోవడం వారంలో వచ్చేస్తాయి. సిగరెట్లో మద్యమో పట్టుకొచ్చిన మనిషిని "మీ ఐడీ చూపిస్తారా" అని అడగాలంటే మాత్రం చాలామందికి నెలలు గడిచినా నోరు పెగలదు. పిరికితనం వల్ల కాదు, మనసులో నాటుకుపోయిన కొన్ని తప్పు నమ్మకాల వల్ల. కౌంటర్‌కు అవతల నిలబడేవాళ్లలోనూ అవే ఉంటాయి.

అపోహ: అనుభవం ఉన్నవాళ్లకు ముఖం చూస్తే వయసు తెలిసిపోతుంది.

తెలియదు. నాకూ తెలియదు. పదహారేళ్లకే గుబురుగా గడ్డం వచ్చినవాళ్లను చూశాను, ముప్పై దాటినా కాలేజీ పిల్లలా ఉన్నవాళ్లనూ చూశాను. మెడలో ఆఫీసు ట్యాగు, గట్టి గొంతు, తడబడకుండా అడిగే తీరు చూసి మన కన్ను మరో నాలుగేళ్లు కలిపేస్తుంది.

కన్ను ఇలా మోసపోతుందనే నిబంధనల్లో కొంత ఎడం పెట్టారు. బ్రిటన్‌లో మద్యం కొనడానికి 18 నిండితే చాలు. కానీ అక్కడి దుకాణాలు పాటించే 'ఛాలెంజ్ 25' పద్ధతిలో 25 లోపు కనిపించే ప్రతివాళ్లనూ కార్డు అడుగుతారు. స్కాట్లాండ్‌లో 2011 నుంచి మద్యం అమ్మకాలకు ఇది చట్టప్రకారం తప్పనిసరి. అమెరికాలో 2019 డిసెంబరులో పొగాకు కొనే వయసును 21కి పెంచారు. 2024 సెప్టెంబరు 30 నుంచి 30 ఏళ్లలోపు వాళ్లందరి ఫొటో ఐడీ చూడాలన్నారు. అంతకుముందు ఆ హద్దు 27.

ఈ ఎడం ఎందుకో అర్థమైతే సగం భయం పోతుంది. ఎదుటి మనిషికి 18 నిండాయో లేదో తేల్చమని మనల్ని ఎవరూ అడగడం లేదు. అది కార్డు చెబుతుంది. 25 ఖాయంగా దాటినట్టు కనిపిస్తున్నారా, లేదా? మనం తేల్చుకోవలసింది అంతే. "ఆయనకు ఇరవై ఉంటాయనుకుని ఇచ్చేశాను" అని కొత్తవాళ్లు నాతో అంటుంటారు. ఇరవై అని తోచిందంటే అడగాల్సిందే కదా!

అపోహ: ఐడీ అడగడమంటే అనుమానించడం.

కొందరిని అడిగి కొందరిని వదిలేస్తే నిజంగానే అవమానం. బట్టల్ని బట్టి, మాట తీరును బట్టి ఎంచి అడిగితే ఎవరికైనా కోపం వస్తుంది, రావాలి కూడా. అందరికీ ఒకే కొలత పెట్టినప్పుడు అది కేవలం పనిలో భాగం. ఎప్పుడు అడుగుతామన్నది కూడా ముఖ్యమే. సరుకంతా స్కాన్ చేసి, డబ్బు చేతికి అందే వేళ అడిగితే మెలిక పెట్టినట్టుంటుంది. ఆ వస్తువు చేతిలోకి రాగానే అడగాలి. "మీరు చిన్నవారిలా ఉన్నారు" లాంటి వ్యాఖ్యలు వద్దు. "దీనికి కార్డు చూడాలండీ, ఒకసారి ఇస్తారా" అంటే చాలు.

ఇంకో మాట, దీన్ని ఎవరూ నేర్పరు. కార్డు మీదున్న పేరు, పుట్టిన తేదీ, చిరునామా బయటకు చదవకూడదు. వెనక లైనులో ముక్కూమొహం తెలియనివాళ్లు నలుగురు ఉంటారు. ఒంటరిగా వచ్చిన అమ్మాయి ఇల్లు ఎక్కడో వాళ్లకు వినిపించాల్సిన అవసరమేంటి? కార్డును బల్ల మీద తిప్పి పెట్టి చూసి, చేతికే తిరిగివ్వాలి. కౌంటర్ మీద విసిరినట్టు పెట్టడం నాకు అస్సలు నచ్చదు.

అపోహ: కార్డు చూపించారంటే పని అయిపోయినట్టే.

నేను ఎక్కువ సమయం తీసుకుని నేర్పేది దీన్నే. 1997లో బ్రిటన్‌లో ఒక ప్రయోగం ప్రచురించారు. సూపర్‌మార్కెట్ క్యాషియర్ల దగ్గరికి ఫొటో ఉన్న క్రెడిట్ కార్డులతో మనుషుల్ని పంపారు. వేరేవాళ్ల ఫొటో ఉన్న కార్డుల్లో సగానికి పైగా చెల్లిపోయాయి. నిజాయితీగా చూసినవాళ్లే పొరబడ్డారు. 2014లో ఆస్ట్రేలియా పాస్‌పోర్టు అధికారులతో చేసిన పరీక్షలో, ఎదుట ఉన్న మనిషిది కాని ఫొటోల్లో 14 శాతాన్ని అతనివేనని ఒప్పేసుకున్నారు. రోజూ అదే పని చేసేవాళ్ల పరిస్థితే అది. తెలిసిన ముఖాన్ని గుర్తుపట్టడం వేరు, తెలియని ముఖాన్ని ఫొటోతో పోల్చడం వేరు. రెండోది ఎవరికైనా కష్టమే.

అందుకే ముందు ఫొటో, తర్వాతే మిగతావి. జుట్టు, గడ్డం, కళ్లజోడు, లావూ సన్నం మారిపోతాయి, వాటిని నమ్మకూడదు. చెవుల ఆకారం, ముక్కు, కళ్ల మధ్య దూరం, గడ్డం ఎముక చూడాలి. ఫొటో వైపు ఒకసారి, ముఖం వైపు ఒకసారి, మళ్లీ ఫొటో వైపు. మూడు సెకన్లు ఎక్కువ పడితే పట్టనీయండి. పర్సులోంచి బయటకు తీయమని మర్యాదగా అడగండి, ప్లాస్టిక్ కవరు వెనక చాలా దాగుతాయి. అంచులు విడిపోయాయా, తేదీ దగ్గర గీకినట్టుందా, గడువు తీరిందా అన్నవి చేతిలోకి తీసుకుంటేనే తెలుస్తాయి.

దొంగ కార్డు అనగానే అందరూ ముద్రించిన నకిలీని ఊహించుకుంటారు. నాకు ఎక్కువగా ఎదురైనవి అసలు కార్డులే, కాకపోతే అన్నవో అక్కవో. స్కానర్ దీన్ని పట్టలేదు. అమెరికా డ్రైవింగ్ లైసెన్సుల వెనక ఉండే బార్‌కోడును స్కాన్ చేస్తే పుట్టిన తేదీ వస్తుంది, లెక్కలో పొరపాటు జరగదు, అంతవరకు అది గొప్ప సాయం. కార్డు ఎవరి చేతిలో ఉందో దానికి తెలియదు. సందేహం వస్తే కార్డు మీదున్న చిన్న వివరం ఏదైనా మెల్లగా అడుగుతాను, పిన్‌కోడు లాంటిది. సొంత కార్డైతే ఆలోచించకుండా చెబుతారు.

ఇక లెక్క. చేరిన కొత్తలో నేను సంవత్సరంలోంచి సంవత్సరం తీసేసి "పద్దెనిమిది" అనుకుని సరుకు ఇచ్చేశాను. ఆ అబ్బాయి పుట్టినరోజుకు ఇంకా రెండు నెలలుంది. వెనక నిలబడిన సూపర్‌వైజర్ అతన్ని ఆపి సరుకు వెనక్కి తీసుకున్నారు, అరవలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. అప్పటినుంచి డ్యూటీ ఎక్కగానే ఒక చీటీ మీద సరిగ్గా 18 ఏళ్ల కిందటి ఈ రోజు తేదీ రాసి స్క్రీన్ పక్కన అంటిస్తాను. అంతకంటే తర్వాత పుట్టినవాళ్లకు ఇవ్వను. తీసివేత అక్కర్లేదు. వేరే దేశపు కార్డు వస్తే ఇంకాస్త జాగ్రత్త: 05/08 అంటే కొన్నిచోట్ల ఆగస్టు 5, అమెరికా కార్డు మీద మే 8.

మిగతా అపోహలు కొన్ని క్లుప్తంగా చెబుతాను. రోజూ వచ్చే ముఖమైతే అడగక్కర్లేదంటారు. రోజూ చూడటం వల్ల ముఖం తెలుస్తుంది, వయసు కాదు. ఒక్కసారైనా కార్డు చూసి ఉండాలి. ఫోన్ గ్యాలరీలో ఉన్న కార్డు ఫొటో చాలంటారు. ప్రభుత్వ యాప్‌లో తెరిచి చూపే డిజిటల్ కార్డును కొన్నిచోట్ల ఒప్పుకుంటారు, స్క్రీన్‌షాట్ మాత్రం కార్డు కాదు. పక్కన పెద్దవాళ్లుంటే ఇవ్వొచ్చంటారు. పిల్లాడు బ్రాండు చూపించి, డబ్బులు తీసి పెద్దాయన చేతిలో పెడుతుంటే ఆ సరుకు ఎవరికోసమో మనకు తెలుస్తూనే ఉంది. అక్కడ ఆగాలి. తల్లి వెంట చంటిపిల్ల ఉందని ఆమెకు అమ్మకపోవడం మాత్రం అర్థం లేని పని.

ఇదంతా మద్యం, సిగరెట్ల గొడవే అనుకోవడమూ పొరపాటే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 18 లోపు వాళ్లకు కత్తులు అమ్మడం నేరం. భారత్‌లో యాసిడ్‌ను 18 లోపు వాళ్లకు అమ్మకూడదని, కొనేవాళ్ల ఫొటో ఐడీ చూసి వివరాలు రిజిస్టర్లో రాయాలని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది. ఆ రిజిస్టర్ వెనక ఎంతమంది ఆడపిల్లల కాలిపోయిన ముఖాలున్నాయో తలుచుకుంటే, ఐడీ అడగడం చాదస్తమని ఎవరూ అనలేరు.

అపోహ: పట్టుబడితే యజమాని చూసుకుంటాడు, మనకేం?

చాలా దేశాల్లో అమ్మిన చేయి ఎవరిదో వాళ్లూ బాధ్యులే. భారత్‌లో 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ ప్రకారం పిల్లలకు మద్యమో పొగాకో ఇచ్చినవాళ్లెవరికైనా ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఈ మాట భయపెట్టడానికి చెప్పడం లేదు. "ఈ ఒక్కసారికి ఇచ్చెయ్" అని ఒత్తిడి తెచ్చే మేనేజర్‌కు కాదని చెప్పే హక్కు మీకు ఉందని తెలియడానికి చెబుతున్నాను.

కాదనడమే ఈ పనిలో కష్టమైన భాగం. "నువ్వు మైనర్‌వి" అంటే వాదన మొదలవుతుంది. "కార్డు లేకుండా ఇవ్వలేనండీ, తెస్తే తప్పకుండా ఇస్తాను" అంటే వాదించడానికి పెద్దగా ఏమీ మిగలదు. వస్తువును మెల్లగా మన వైపు జరిపి, తర్వాతి వస్తువు స్కాన్ చేసేయాలి. కొట్టడానికి వస్తే సరుకు వదిలేసి వెనక్కి జరగండి, వెంటపడొద్దు, సూపర్‌వైజర్‌ను పిలవండి. తర్వాత సమయం, వస్తువు, మనిషి ఆనవాళ్లు రెండు ముక్కల్లో రిజిస్టర్లో రాయండి. ఆ రాతకన్నా ముందు పక్క కౌంటర్ వాళ్లకు చెప్పండి, ఎందుకంటే మీ దగ్గర కుదరనివాళ్లు నేరుగా వెళ్లేది ఆ లైనులోకే.