లాభం పాపమా, పుణ్యమా? పెట్టుబడిదారీ విధానంపై అపోహలు – వాస్తవాలు

నేను ఆర్థికశాస్త్రం బోధిస్తాను. ఏటా ఒక రోజు తరగతిని రెండు జట్లుగా చేసి పెట్టుబడిదారీ విధానంపై వాదించుకోమంటాను. ఒక జట్టు దానికి హారతి పడుతుంది, రెండో జట్టు శాపనార్థాలు పెడుతుంది. పావుగంట తిరిగేసరికి గొంతులు పెరుగుతాయి. పెరగనీ. ఎవరి గురువును వాళ్లు చదవకుండానే వాదనకు దిగుతారు, అదీ నా బాధ. ఏళ్ల తరబడి విన్నవాటిలో పదే పదే ఎదురయ్యేవి కొన్ని ఇవి.

అపోహ: స్వార్థమే సమాజానికి మేలు చేస్తుందని, మార్కెట్టును దాని మానాన వదిలేయాలని ఆడమ్ స్మిత్ చెప్పాడు.

వాస్తవం: స్మిత్ గ్లాస్గో విశ్వవిద్యాలయంలో నీతిశాస్త్రం బోధించిన ఆచార్యుడు. 1759లో వచ్చిన ఆయన మొదటి పుస్తకం, ఎదుటివారి బాధ మనకెందుకు తగులుతుందన్న ఆలోచనతో మొదలవుతుంది. 1776 నాటి 'దేశాల సంపద'లో, అందరూ జపించే 'అదృశ్య హస్తం' (ఎవరి లాభం వాళ్లు చూసుకున్నా, కనిపించని చెయ్యేదో నడిపించినట్టు సమాజానికి మేలు జరుగుతుందన్న పోలిక) ఒకే ఒక్కసారి కనిపిస్తుంది. అదీ వ్యాపారి తన పెట్టుబడిని విదేశానికి పంపకుండా స్వదేశంలోనే ఎందుకు పెడతాడో వివరించే చోట. ఒకే వ్యాపారం చేసేవాళ్లు సరదాకు కలిసినా, ఆ మాటలు చివరకు ప్రజలపై కుట్రగానో ధరలు పెంచే ఎత్తుగడగానో తేలతాయని రాసింది కూడా ఈయనే.

ఇక గుండుసూదుల కార్ఖానా. పనిని ముక్కలుగా పంచుకుంటే పదిమంది కలిసి రోజుకు 48,000 సూదులు చేయగలరని మొదటి అధ్యాయంలో లెక్క చెప్పాడు. ఈ లెక్క అందరికీ కంఠస్థం. అదే పుస్తకం చివరి భాగందాకా వెళ్లేవాళ్లు తక్కువ. జీవితమంతా ఒకటి రెండు చిన్న పనులే చేస్తూ గడిపినవాడు, మనిషన్నవాడు కాగలిగినంత మొద్దుగా తయారవుతాడని, ప్రభుత్వం పూనుకుని అడ్డుకోకపోతే శ్రామిక జనంలో అత్యధికులు ఆ స్థితికి జారిపోతారని అక్కడ హెచ్చరించాడు. సూదులను పెంచిన శ్రమ విభజనే మనిషిని కుదించింది. మంచిని ఒక సంచిలో, చెడును మరో సంచిలో వేసి తూకం వేయడం ఎందుకు కుదరదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అపోహ: కమ్యూనిస్టు సిద్ధాంతకర్త కార్ల్ మార్క్స్‌కు పెట్టుబడిదారీ విధానంలో ఏ మంచీ కనిపించలేదు. పెట్టుబడిదారులంతా దుర్మార్గులన్నదే ఆయన వాదన.

వాస్తవం: బూర్జువా వర్గం, అంటే పెట్టుబడిదారుల వర్గం, పట్టుమని వందేళ్లయినా నిండని తన ఏలుబడిలో, అంతకుముందు తరాలన్నీ కలిసి సృష్టించినదానికంటే భారీ ఉత్పత్తి శక్తులను సృష్టించిందని మార్క్స్ తన సహచరుడు ఎంగెల్స్‌తో కలిసి రాసిన 1848 నాటి కమ్యూనిస్టు ప్రణాళికే ఒప్పుకుంది. 1867లో వచ్చిన 'పెట్టుబడి' మొదటి సంపుటి ముందుమాటలో, యజమానికీ కార్మికుడికీ మధ్య ఉన్న ఈ సంబంధాలకు ఏ వ్యక్తినీ బాధ్యుణ్ణి చేయడం లేదని మార్క్స్ స్పష్టం చేశాడు. యజమాని ఎంత దయగలవాడైనా, పోటీలో నిలవాలంటే పక్కవాడు చేస్తున్నదే చేయక తప్పదన్నది ఆయన ఫిర్యాదు. ఆయన రాసిచ్చిన మందుతో నాకు చాలా పేచీలున్నాయి. రోగ నిర్ణయాన్ని కొట్టిపారేయడం మాత్రం నా వల్ల కాలేదు.

అపోహ: దురాశ ఈ విధానంతోనే పుట్టింది.

వాస్తవం: దండయాత్రలు చేసిన రాజులకు అదేమీ తక్కువ కాలేదు. ముందుకు సాగుదాం.

అపోహ: కార్మికులు తాము తయారుచేసిన కార్లను తామే కొనుక్కోవాలని అమెరికా కార్ల కంపెనీ యజమాని హెన్రీ ఫోర్డ్ ఉదారంగా జీతం రెట్టింపు చేశాడు.

వాస్తవం: రెండు జట్లూ ఈ కథను ఇష్టంగా వాడుకుంటాయి. 1914 జనవరిలో రోజుకు అయిదు డాలర్లు ప్రకటించిన మాట నిజం. అంతకుముందు ఏడాది సంగతి చూడండి. కదిలే అసెంబ్లీ లైను (కారు ముందుకు కదులుతుంటే ఒక్కొక్కరు నిలబడిన చోటే ఒక్కో చిన్న పని చేసే పద్ధతి) వచ్చాక పని ఎంత విసుగ్గా మారిందంటే, దాదాపు 14,000 మందిని పనిలో నిలపడానికి ఆ ఒక్క ఏడాదిలో 52,000కు పైగా మందిని చేర్చుకోవలసి వచ్చింది. వచ్చినవాడు వచ్చినట్టే పారిపోతుంటే నేర్పిన ఖర్చు నీళ్లపాలు. ఆ వలసకు కట్టిన గట్టు ఈ అయిదు డాలర్లు. పైగా అందులో సగానికి దగ్గరగా ఉన్న భాగం లాభాల వాటా పేరిట ఇచ్చేది. అది దక్కాలంటే ఇల్లు శుభ్రంగా ఉండాలి, తాగుడు ఉండకూడదు, పొదుపు కనిపించాలి. వాటిని చూడటానికి కంపెనీ మనుషులు ఇళ్లకు వచ్చేవారు.

అయినా ఆ జీతంతో కుటుంబాలు బాగుపడ్డాయి, పని గంటలు తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గాయి. ఉద్దేశం మంచిదా కాదా అని తేల్చే పనిలో పడితే, కార్మికుడికి పని వదిలి వెళ్లగల వీలుండటమే బేరంలో అతని బలమన్న సంగతి మరుగున పడుతుంది. వెళ్లడానికి మరో చోటు లేని కార్మికుడికి ఎవరూ అయిదు డాలర్లు ఇవ్వరు.

అపోహ: మార్కెట్టు దానంతట అదే పుడుతుంది, ప్రభుత్వం మధ్యలో వచ్చి చెడగొడుతుంది.

వాస్తవం: కంపెనీ మునిగితే వాటాదారు పోగొట్టుకునేది వాటా సొమ్ము మాత్రమే, ఇల్లూ వాకిలీ అమ్ముకోనక్కర్లేదు. ఈ రక్షణ ప్రకృతి ఇచ్చింది కాదు. బ్రిటన్‌లో 1855లో చట్టం చేసి ఇచ్చారు. ఆస్తి హక్కు, ఒప్పందం, దివాలా, పేటెంటు, అన్నీ ఇలా రాసుకున్న నియమాలే. ఎవరి ఆస్తిని చట్టం ఆస్తిగా గుర్తిస్తుందన్న ప్రశ్న ఎంత భయంకరంగా మారగలదో చూడాలంటే 1833కు వెళ్లాలి. బానిసత్వాన్ని రద్దుచేస్తూ బ్రిటిష్ పార్లమెంటు రెండు కోట్ల పౌండ్ల నష్టపరిహారం మంజూరు చేసింది. ఎవరికి? యజమానులకు. బానిసలుగా బతికినవారికి ఒక్క పౌండు కూడా దక్కలేదు. అందుకు తెచ్చిన అప్పు పూర్తిగా తీరింది 2015లో. దీన్ని మార్కెట్టు తప్పనాలా, ప్రభుత్వం తప్పనాలా అని ఒక విద్యార్థి అడిగాడు. ఆ రెంటినీ విడదీసే గీత ఎక్కడుందో చూపించమన్నాను.

అపోహ: ఎవరికి ఏది ఎక్కువ అవసరమో మార్కెట్టు వారికే చేరుస్తుంది.

వాస్తవం: ధర గొప్ప వార్తాహరుడు. ఎక్కడ ఏది కొరతగా ఉందో ఏ కార్యాలయమూ పోగుచేయలేనంత వేగంగా చెబుతుంది. అయితే జేబులో డబ్బున్న ఆకలి మాత్రమే దాని చెవిన పడుతుంది. 1845 నుంచి ఐర్లండులో బంగాళాదుంప పంట తెగులుతో నాశనమై దాదాపు పది లక్షల మంది చనిపోయారు. ఆ కరువు సాగుతుండగానే ధాన్యం, పశువులు ఓడలెక్కి వెళ్లాయి. మార్కెట్టు విఫలమై అలా జరగలేదు. కొనగలిగినవారి దగ్గరకు సరుకును చేర్చడమే దాని పని, ఆ పనే అది చేసింది. తిండి ఉండటం వేరు, దాన్ని పొందే హక్కు చేతిలో ఉండటం వేరు అని ఆర్థికవేత్త అమర్త్యసేన్ 1943 బెంగాల్ కరువును పరిశీలించి చూపినదీ ఇదే.

డబ్బు లెక్క మనసులో చేరితే ఏమవుతుందో ఇజ్రాయెల్‌లోని హైఫాలో జరిగిన ఒక ప్రయోగం చెబుతుంది. సాయంత్రం పిల్లలను ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు కొన్ని శిశు సంరక్షణ కేంద్రాలు జరిమానా పెట్టాయి. ఆలస్యాలు దాదాపు రెట్టింపయ్యాయి. అంతవరకు టీచరును నిలబెట్టామన్న సిగ్గు ఉండేది; ఇప్పుడు అది కట్టేసిన రుసుము. జరిమానా ఎత్తేశాక కూడా ఆలస్యాలు తగ్గలేదు.

అపోహ: పేదరికం తగ్గడం వట్టి బూటకం. లేదా, తగ్గినదంతా పెట్టుబడిదారీ విధానం చలవే.

వాస్తవం: ప్రపంచ బ్యాంకు లెక్కల ప్రకారం 1990లో ప్రపంచ జనాభాలో మూడో వంతుకు పైగా తీవ్ర పేదరికంలో ఉండేది, 2019 నాటికి పదో వంతు కన్నా తక్కువ. ఎవరు పేదలో తేల్చే ఆ పేదరిక గీతను మరీ కింద గీశారని గొడవపడవచ్చు, నేనూ పడతాను. తగ్గుదల మాత్రం నిజం. అందులో చైనాది చాలా పెద్ద వాటా. 1978 తర్వాత అక్కడ కుటుంబాలు సొంతంగా సేద్యం చేసుకుని, మిగులు పంటను అమ్ముకునే వీలు కలిగింది. భూమి మాత్రం వారి సొంతం కాలేదు, పెద్ద బ్యాంకులు ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయాయి.

ఈ ఏడాది రెండు జట్లూ చైనాను తమ వైపే లాక్కున్నాయి. నేను ఎవరికీ మార్కులు వేయలేదు.