తీగ దగ్గర మొదలుపెట్టండి

పెరంబూర్, చెన్నై

చిరంజీవులు చిట్టికీ బుజ్జికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మీరు నెల్లూరు క్షేమంగా చేరారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. బుజ్జీ, జలుబు తగ్గిందా? పూర్తిగా తగ్గేదాకా కషాయం మానొద్దు నాన్నా.

దీపావళి మర్నాడు అంత వానలో కంప్యూటర్‌కి నెట్ పోయి మళ్ళీ వచ్చింది కదా, "ఏం చేశావు అమ్మమ్మా?" అని ఇద్దరూ అడిగారు. రైలుకి టైమైపోతోంది, ఉత్తరంలో రాస్తానన్నాను. ఇదిగో రాస్తున్నాను.

ఆ రోజు చిట్టి కంప్యూటర్ని నడిపే లైనక్స్ మొత్తం చెరిపేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేద్దామంది. నేను వద్దని గట్టిగా అనేసరికి ముఖం చిన్నబుచ్చుకుంది. నీ మీద కోపం కాదు తల్లీ. అందులో తాతయ్య ఫోటోలున్నాయి. పైగా ఏం పోయిందో తెలియకముందే ఏదీ మార్చకూడదని నా పట్టుదల. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ముప్పై ఏళ్ళు పనిచేశాను. ఫోన్ పలకడం లేదని కంప్లయింట్ వస్తే, తప్పు మా దగ్గరుందా, లైన్లో ఉందా, వాళ్ళింట్లో ఉందా అన్నది ముందు పరీక్షించి తేల్చుకునేవాళ్ళం. ఆ తర్వాతే లైన్‌మన్ సైకిలెక్కేవాడు.

అందుకే నేను మొదట చూసింది కంప్యూటర్ని కాదు, మీ అమ్మ ఫోన్ని. మొబైల్ డేటా ఆపి, వైఫై ఒక్కటే ఉంచి చూశాను. డేటా ఆపకపోతే ఫోన్ మనకి చెప్పకుండా ఆ దారి పట్టేస్తుంది. వీడియో చక్కగా వచ్చింది. అంటే వీధిలోంచి వచ్చే ఫైబరూ, ఇంట్లో అందరికీ నెట్ పంచే రౌటరూ రెండూ బాగానే ఉన్నాయి. ఫోన్లోనూ రాకపోతే ఫైబర్ పెట్టె మీద ఎల్‌ఓఎస్ అన్న చోట ఎర్ర లైటు వెలుగుతోందేమో చూడాలి. వెలిగితే సిగ్నల్ మన ఇంటిదాకా రావడం లేదని అర్థం. అప్పుడు కంపెనీకి ఫోన్ చేయడమే.

తర్వాత టేబుల్ కిందికి వంగాను. రౌటర్ నుంచి కంప్యూటర్‌కి వచ్చే ల్యాన్ తీగ గుచ్చే చోట రెండు బుల్లి లైట్లుంటాయి. రెండూ ఆరిపోయి ఉన్నాయి. టార్చ్ వేసి చూస్తే ప్లగ్గుకుండే ప్లాస్టిక్ నాలుక విరిగిపోయి కనిపించింది. లోపలికి తోసినప్పుడు టిక్కుమని పట్టుకునేది ఆ నాలుకే. అది లేక ప్లగ్గు వడ్లగింజంత బయటికి జారింది. పైకి గుచ్చుకునే ఉన్నట్టుంటుంది, లోపలి రేకులు మాత్రం తగలవు. పండగకి ఇల్లు కడిగినప్పుడు టేబుల్ జరిపాం, అప్పుడే విరిగుంటుంది.

దాన్ని తొయ్యబోయే ముందు బుజ్జికి ఒకటి చూపించాను. ఆజ్ఞలు టైపు చేసే టెర్మినల్ తెరిచి, చిన్న అక్షరాల్లో ఐపీ అని కొట్టి, ఖాళీ వదిలి, లింక్ అని కొట్టాం. ఈఎన్‌పీ3ఎస్0 అనే పేరు పక్కన నో క్యారియర్ అని వచ్చింది. ఆ పేరు చూసి కంగారు పడకండి. ఈఎన్ అంటే ఈథర్‌నెట్, మిగతాది ఆ కార్డు కంప్యూటర్లో ఎక్కడ కూర్చుందో చెప్పే గుర్తు. వైఫై కార్డయితే పేరు డబ్ల్యూఎల్‌తో మొదలవుతుంది. నో క్యారియర్ అంటే తీగ అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేదని. ప్లగ్గు నొక్కి పట్టుకోగానే ఆకుపచ్చ లైటు వెలిగింది, తెర మీద ఆ మాట పోయింది. కదలకుండా టేపు వేశాను.

అయినా బ్రౌజర్‌లో పేజీ తెరుచుకోలేదు! చిట్టి మళ్ళీ ఇన్‌స్టాల్ మాటెత్తింది. నాకు అప్పుడే ఆసక్తి పెరిగింది. ఒక తప్పు వెనక ఇంకో తప్పు దాక్కుందన్నమాట.

ఈసారి ఐపీ తర్వాత ఏ అని కొట్టాం. 192.168.1.7 కనిపించింది. అది మన రౌటర్ ఇచ్చిన ఇంటి నంబరు. అడిగినా రౌటర్ బదులివ్వకపోతే కొన్నిసార్లు 169.254తో మొదలయ్యే నంబరు కనిపిస్తుంది, అది కంప్యూటర్ తనకు తానే పెట్టుకున్నది. మనకి సరైనదే వచ్చింది కాబట్టి ముందుకెళ్ళి రౌటర్‌ని, అంటే 192.168.1.1ని, పింగ్ చేశాం. పలికింది. ఊరవతల ఉన్న గూగుల్ వాళ్ళ 8.8.8.8ని పింగ్ చేశాం. అదీ పలికింది.

ఈ పింగ్ అంటే నాకెంతో ఇష్టం. మైక్ మూస్ అనే అమెరికా ఆయన 1983 డిసెంబరులో రాశాడు. సముద్రంలో జలాంతర్గామి ఎక్కడుందో తెలుసుకోవడానికి నీళ్ళలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వని వింటారు. ఆ చప్పుడు పేరే దీనికి పెట్టాడు. ఎక్స్ఛేంజ్‌లో మేం రోజంతా చేసిందీ అదే, హలో అని పిలిచి బదులు కోసం చెవొగ్గడం. లైనక్స్‌లో ఇది తనంతట తాను ఆగదు, కంట్రోల్ పట్టుకుని సీ నొక్కాలి.

నంబరుకి పలికింది కదా, ఇక పేరు పెట్టి పిలిచాం. తెలుగు వికీపీడియా పేరు కొడితే టెంపరరీ ఫెయిల్యూర్ ఇన్ నేమ్ రిజల్యూషన్ అని వచ్చింది, అంటే ఆ పేరుకి నంబరు దొరకలేదని. ఇంటర్నెట్‌లో కంప్యూటర్లు ఒకదాన్నొకటి వెతుక్కునేది నంబర్లతోనే. పేరు చెబితే నంబరు చెప్పే డైరెక్టరీ లాంటిది డీఎన్‌ఎస్. నెట్‌వర్క్ చిన్నగా ఉన్న రోజుల్లో పేర్లన్నీ ఒకే ఫైల్లో రాసి అందరూ కాపీ చేసుకునేవాళ్ళు. జాబితా పెరిగిపోయి మొయ్యలేక 1983లో పాల్ మొకపెట్రిస్ ఈ డీఎన్‌ఎస్ పద్ధతి తయారుచేశాడు. ఆ పాత ఫైలు గుర్తుగా లైనక్స్‌లో ఈటీసీ ఫోల్డర్‌లో హోస్ట్స్ అనే ఫైలు ఇప్పటికీ ఉంటుంది, తెరిచి చూడండి.

అప్పుడు చిట్టి మెల్లగా చెప్పింది, పొద్దున్న నెట్ పోగానే సెట్టింగ్స్‌లో డీఎన్‌ఎస్ నంబరు మార్చానని. చూస్తే 192.168.0.1 అని ఉంది, మన రౌటర్‌దేమో 192.168.1.1. ఆటోమేటిక్‌కి మార్చి, కనెక్షన్ ఒకసారి ఆపి వేయగానే అన్ని పేజీలూ వచ్చేశాయి. నువ్వు దాచకుండా చెప్పావు కాబట్టే రెండు నిమిషాల్లో తేలింది బంగారం, లేకపోతే సాయంత్రం దాకా వెతికేవాళ్ళం. ఇకమీద ఏది మార్చినా ముందున్న నంబరు నోట్‌బుక్‌లో రాసుకుని, ఒక్కటే మార్చి చూడండి. పని చేయకపోతే వెనక్కి పెట్టేసి ఆ తర్వాతే రెండోది.

రౌటర్ ఆపి వేస్తే ఒక్కోసారి అదే బాగవుతుంది, నిజమే. కానీ ఎందుకు పోయిందో తెలియదు, అందుకని నేను దాన్ని చివరికి ఉంచుకుంటాను. ఇంకొకటి, పింగ్ పలుకుతూ ఉండి కూడా ప్రతి సైటూ సురక్షితం కాదని బ్రౌజర్ మొరాయిస్తే తేదీ చూడండి. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్ళ వెనక్కి పోతుంది, సైట్లు తమ గుర్తింపుకి చూపించే సర్టిఫికెట్ల తేదీలు కుదరవు.

టేపుతో ఎన్నాళ్ళో నడవదు. నిన్న వాన తెరిపిచ్చాక రిచీ స్ట్రీట్‌కి వెళ్ళి పది ప్లగ్గులూ, వాటిని నొక్కి బిగించే క్రింపింగ్ టూలూ తెచ్చాను. సంక్రాంతికి వచ్చినప్పుడు మీ చేతే వేయిస్తాను. తీగలో ఎనిమిది పోగులుంటాయి. ప్లగ్గు నాలుక కిందికి, రేకులు మీకు కనబడేలా పట్టుకుంటే ఎడమ నుంచి వరస ఇది: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత మధ్యలో నీలం జత దూరుతుంది, అక్కడే అందరూ తడబడతారు. వచ్చేలోపు కంఠస్థం చేసి ఉంచండి.

ఇట్లు,
మీ అమ్మమ్మ