యుఆర్‌బీ597 అంటే గంజాయి కాదు మావయ్యా!

మూడు లాంతర్ల దగ్గర టీ తాగుతుంటే మావయ్య గొంతు తగ్గించి అడిగాడు. "ఏట్రా, గంజాయి మీద పని చేస్తున్నావంట, పోలీసులతో గొడవ రాదు కదా?" నేను ల్యాబ్‌లో కణాల మీద పరీక్షించేది యుఆర్‌బీ597 అనే తెల్లపొడిని. విజయనగరంలో ఈ ప్రశ్న ఆయనొక్కడే అడగలేదు.

అపోహ: ఇదీ గంజాయిలాగే మత్తెక్కిస్తుంది.

వాస్తవం: గంజాయిలోని టీహెచ్‌సీ నేరుగా మెదడు కణాల మీద సంకేతాలు అందుకునే సీబీ1 రిసెప్టార్‌ను పట్టుకుంటుంది. యుఆర్‌బీ597 దాని జోలికి పోదు. మన ఒంట్లోనే ఆనందమైడ్ అనే పదార్థం తయారవుతుంది, దాన్ని ఎఫ్‌ఏఏహెచ్ అనే ఎంజైమ్ విరగ్గొడుతుంది. ఇది ఆ ఎంజైమ్‌ను ఆపుతుంది. మావయ్యకి పెద్దచెరువుతో చెప్పాను: తూము మూస్తే వచ్చిన నీరు నిలుస్తుంది. టీహెచ్‌సీ అయితే ట్యాంకర్లు తెచ్చి ఊరంతా కుమ్మరించినట్టు.

అపోహ: పేరులోనే ఆనందం ఉంది, వేసుకుంటే హుషారే.

వాస్తవం: 1992లో ఆ అణువును కనిపెట్టినవాళ్లు సంస్కృత ‘ఆనంద’ నుంచే పేరు పెట్టారు. పేరు బాగుంటే సరిపోదుగా! 2003లో యుఆర్‌బీ597తో ఎలుకల్లో బెదురు తగ్గింది. మరి మనుషుల్లో? ఫైజర్ వాళ్ల పీఎఫ్-04457845 అనే ఇదే తరహా మందు మోకాళ్ల నొప్పులవాళ్లలో ఎంజైమ్‌ను 96 శాతానికి పైగా ఆపింది. నొప్పి మాత్రం ఉత్తుత్తి మాత్రకన్నా ఎక్కువేమీ తగ్గలేదు.

అపోహ: ఒంట్లో ఉన్నదాన్నే నిలబెడుతుంది కాబట్టి ప్రమాదం లేదు.

వాస్తవం: 2016 జనవరిలో ఫ్రాన్స్‌లోని రెన్‌లో ఎఫ్‌ఏఏహెచ్‌నే ఆపే బీఐఏ 10-2474 అనే మందును రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున తీసుకున్న వాలంటీర్లలో ఒకరు చనిపోయారు, ఇంకొందరికి మెదడు దెబ్బతింది. అది కొవ్వులకు సంబంధించిన వేరే ఎంజైమ్‌లను కూడా పట్టుకుంటుందని మరుసటి ఏడాది తేలింది. ఏ తూము మూశామన్నదే కాదు, పక్క తూముల సంగతీ చూడాలి. యుఆర్‌బీ597 కూడా మోతాదు పెరిగితే కార్బాక్సిలెస్టరేజ్‌లనే వేరే ఎంజైమ్‌లను తాకుతుంది. అందుకే నేను తక్కువ మోతాదుతోనే మొదలుపెడతాను.

ఎంజైమ్‌ను శాశ్వతంగా చంపేస్తుందనీ కొందరంటారు. పట్టుకున్న అణువు పని అయిపోయినట్టే గానీ, కణం కొత్తవి తయారు చేసుకుంటుంది.

చివరి అపోహ మా ల్యాబ్ పిల్లలది: కలిపిన మందును మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడితే చాలు. 5 మిల్లీగ్రాముల పొడికి 1.48 మిల్లీలీటర్ల డీఎంఎస్ఓ (పొడిని కరిగించే ద్రవం) కలిపితే 10 మిల్లీమోలార్ ద్రావణం వస్తుంది. కొత్తలో నేను మొత్తం ఒకే గొట్టంలో పెట్టి, రోజూ కరిగించి, మళ్లీ గడ్డకట్టించేవాణ్ని. మన ఉక్కపోతలో డీఎంఎస్ఓ తేమ పీల్చుకుంది. అడుగున తెల్లటి నలక చేరింది, రెండు వారాల రీడింగులు పోయాయి. ఇప్పుడు కలిపిన రోజే 20 మైక్రోలీటర్ల చొప్పున చిన్న గొట్టాల్లో పంచేస్తాను. ఒకసారి కరిగించింది మళ్లీ ఫ్రీజర్‌లోకి వెళ్లదు.