దాడి హెలికాప్టర్ల దళం: అల్జీరియా కొండల నుంచి డ్రోన్ల కాలం దాకా

2022 డిసెంబరులో జపాన్ ఒక నిర్ణయం ప్రకటించింది. తమ సైన్యంలోని అమెరికా నమూనాలైన కోబ్రా, అపాచీ దాడి హెలికాప్టర్లను క్రమంగా పక్కన పెట్టి, ఆ పనిని డ్రోన్లకు అప్పగిస్తామని చెప్పింది. 2024 ఆగస్టులో పోలండ్ సరిగ్గా ఎదురు దారి పట్టింది. ఒకేసారి 96 అపాచీలు కొనడానికి సంతకం చేసింది. 2025 మార్చిలో భారత్ స్వదేశీ దాడి హెలికాప్టర్లు ప్రచండ్ 156 కోసం 62,700 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. ఈ మూడు దేశాలూ చూసింది ఒకే ఉక్రెయిన్ యుద్ధాన్ని. అది చూసి ఒకరు వద్దనుకున్నారు, మిగతావాళ్లు ఇంకా కావాలనుకున్నారు.

ఈ తేడా ఎందుకో తెలియాలంటే హెలికాప్టర్ గురించి మాత్రమే మాట్లాడుకుంటే చాలదు. దాన్ని నడిపే దళం గురించి మాట్లాడుకోవాలి. ఫొటోలో మనకు కనిపించేది ఇద్దరు పైలట్లు, ముక్కు కింద తుపాకీ, చిన్న రెక్కల కింద క్షిపణులు. ఫొటోలో పడనివాళ్లు చాలామంది ఉంటారు: రాత్రంతా ఇంజిన్ విప్పి బిగించే మెకానిక్‌లు, రాకెట్లు భుజాల మీద మోసుకొచ్చి ఎక్కించేవాళ్లు, ఇంధనం ట్యాంకర్ నడిపేవాళ్లు. ఈ డెబ్బై ఏళ్లలో జరిగిన ఒక్కో యుద్ధం ఈ దళానికున్న ఒక్కో రక్షణను లాగేసుకుంటూ వచ్చింది. ప్రతిసారీ దళం కొత్త పద్ధతి నేర్చుకుంది. నేర్చుకునే లోపు మనుషులు పోయారు.

మొదలు 1950ల అల్జీరియాలో. ఫ్రెంచి సైన్యం అక్కడి కొండల మీద సైనికులను హెలికాప్టర్లలో దించేది. నేలకు దగ్గరగా వచ్చి ఆగే ఆ కొద్ది సెకన్లలోనే కింది నుంచి తూటాలు తగిలేవి. అందుకని కొన్ని సికోర్‌స్కీ హెలికాప్టర్ల తలుపు దగ్గర 20 మిల్లీమీటర్ల ఫిరంగి బిగించారు. ఆ ఫిరంగి రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు వాడినది. మిగతా హెలికాప్టర్లు సైనికులను దించుతుంటే, ఫిరంగి ఉన్నది పైన తిరుగుతూ కాపలా కాసేది. దాడి హెలికాప్టర్ పుట్టింది ఈ కాపలా పని కోసమే. ట్యాంకుల వేట తర్వాతి సంగతి.

అమెరికా 1962లో ఆయుధాలు బిగించిన హ్యూయీ రవాణా హెలికాప్టర్లతో ఒక కంపెనీని వియత్నాం పంపింది. అక్కడ ఒక చిక్కు వచ్చింది. రాకెట్లు, తూటాల బరువుతో కాపలా హ్యూయీ నెమ్మదించేది. సైనికులను మోసే హ్యూయీలు ముందుకు వెళ్లిపోయేవి. కాపలావాడు వెనకబడితే ఇంక కాపలా ఎక్కడిది? దానికి జవాబుగా 1967లో కోబ్రా వచ్చింది. ఇంజిన్, రోటర్ (పైన తిరిగే రెక్కలు) హ్యూయీవే. శరీరాన్ని మాత్రం సుమారు మూడడుగుల వెడల్పుకు సన్నం చేసి, ముందు గన్నర్‌ను, వెనక కాస్త ఎత్తులో పైలట్‌ను కూర్చోబెట్టారు. హ్యూయీలు బాగుచేసిన మెకానిక్‌లకు సగం యంత్రం ముందే తెలుసు. యుద్ధం మధ్యలో వచ్చిన కొత్త హెలికాప్టర్ త్వరగా కుదురుకోవడానికి ఇదొక ముఖ్య కారణమని నా అభిప్రాయం.

వియత్నాంలో ఈ దళాల రోజువారీ పని ఎలా ఉండేదో చెప్పడానికి 'పింక్ టీమ్' చాలు. చిన్న స్కౌట్ హెలికాప్టర్ల విభాగాన్ని తెలుపు అనేవారు, కోబ్రాల విభాగాన్ని ఎరుపు అనేవారు. రెండింట్లో ఒక్కొక్కటి కలిసి వెళితే గులాబీ. స్కౌట్ చెట్ల కొమ్మలకు తగిలేంత కిందుగా తిరుగుతూ తొక్కిన గడ్డిని, ఆరని పొయ్యిని, కాలిబాటను వెతికేది. కోబ్రా పైన చక్కర్లు కొడుతూ చూస్తుండేది. కింద కాల్పులు మొదలవగానే స్కౌట్ పొగ గుళిక విసిరి పక్కకు తప్పుకునేది, కోబ్రా ఆ పొగ మీదికి దూకేది. సూటిగా చెప్పాలంటే, శత్రువు దాక్కున్న చోటు తెలుసుకోవడానికి ఒక మనిషి తన మీద కాల్పులు జరిపించుకోవడం. రోజుకు ఎన్నిసార్లు పిలుపొస్తే అన్నిసార్లు. ఆ యుద్ధంలో అమెరికా వాడిన సుమారు 12 వేల హెలికాప్టర్లలో 5 వేలకు పైగా నాశనమయ్యాయి.

1972 వసంతం ఈ చరిత్రలో పెద్ద మలుపు. ఉత్తర వియత్నాం ట్యాంకులతో దండెత్తింది. ఆన్‌లాక్ దగ్గర కోబ్రాలు రాకెట్లతో, కొంతూమ్ దగ్గర హ్యూయీలు ట్యాంకులను ఛేదించే టౌ క్షిపణులతో ఆ ట్యాంకులను పేల్చాయి. హెలికాప్టర్ ట్యాంకుల వేటగాడు కాగలదని అప్పుడు రుజువైంది. సరిగ్గా అదే దాడిలో భుజం మీద పెట్టుకుని పేల్చే సోవియట్ ఎస్‌ఏ-7 క్షిపణి కూడా వియత్నాంలో మొదటిసారి కనిపించింది. అప్పటిదాకా తూటాలు అందనంత పైన ఎగిరితే కాస్త భద్రం. ఆ ఎత్తు ఇక భద్రం కాదు. అక్కడి నుంచి చెట్ల వరుసల చాటున, లోయల వెంట, కరెంటు తీగలకు భయపడుతూ ఎగరడం దళాలు నేర్చుకున్నాయి.

ఇదే పాఠాన్ని సోవియట్ దళాలు అఫ్గానిస్తాన్‌లో ఇంకా కష్టంగా నేర్చుకున్నాయి. వాళ్ల దాడి హెలికాప్టర్ ఎంఐ-24 లోపల ఎనిమిది మంది సైనికులు కూర్చోవచ్చు. పైలట్లు దాన్ని ముద్దుగా మొసలి అనేవాళ్లు. అయితే ఎండకు వేడెక్కి, ఎత్తుకు పలచబడిన గాలిలో రోటర్‌కు పట్టు దొరకదు. నిలువుగా లేవలేక, విమానంలా రన్‌వే మీద పరుగెత్తి లేచేది. ఒక్కోసారి ముందు చక్రం మీదే పరుగు తీసేది. బరువు తగ్గించడానికి లోపలి సైనికులను వదిలేశారు. జంటలుగా ఎగరడం తప్పనిసరి అలవాటైంది: ఒకటి దాడి చేసి మలుపు తిరిగేటప్పుడు దాని వెనక భాగాన్ని రెండోది కాయాలి. లారీల వరుసలకు కాపలా, కాబూల్‌లో దిగే రవాణా విమానాలకు కాపలా, చుట్టుముట్టిన చౌకీలకు సాయం. ఇవీ వాళ్ల రోజులు.

1986 సెప్టెంబరు 25న జలాలాబాద్ దగ్గర అఫ్గాన్ తిరుగుబాటుదారులు ముజాహిదీన్ మొదటిసారి స్టింగర్ (ఇంజిన్ వేడిని వెంటాడే అమెరికా భుజం మీది క్షిపణి) క్షిపణులతో సోవియట్ హెలికాప్టర్లను కూల్చారు. ఆ ఒక్క ఆయుధమే సోవియట్లను వెళ్లగొట్టిందని చాలామంది రాస్తారు. నాకు అది అతిగా అనిపిస్తుంది, ఎందుకంటే వెనక్కి వెళ్లాలన్న ఆలోచన మాస్కోలో అంతకుముందే మొదలైంది. దళాల జీవితాన్ని మాత్రం స్టింగర్ నిజంగానే మార్చింది. ఇంజిన్ వేడిని చల్లార్చే గొట్టాలు, క్షిపణిని తప్పుదారి పట్టించే మంట గుళికలు లేకుండా ఎగరడం ఇక సాహసమే.

మరి వెలుగులో ఎగరడమే ప్రమాదమైతే? చీకట్లో ఎగరాలి. అపాచీని తయారుచేసింది ఆ ఆలోచనతోనే. 1991 జనవరి 17 తెల్లవారుజామున 2.38కి, గల్ఫ్ యుద్ధంలో తొలి దెబ్బ కొట్టింది ఎనిమిది అపాచీలు. దారి చూపడానికి ముందు 'పేవ్ లో' (Pave Low) అనే హెలికాప్టర్లు వెళ్లాయి. దూరం ఎక్కువని అపాచీలకు అదనపు ఇంధన ట్యాంకు తగిలించారు. ఇరాక్ పశ్చిమ ఎడారిలోని రెండు రాడార్ కేంద్రాలు నిమిషాల్లో నేలమట్టమయ్యాయి. ఆ ఖాళీలోంచి యుద్ధ విమానాలు లోపలికి దూరాయి.

ఇక్కడ కాసేపు కింద ఉన్నవాళ్ల దగ్గర ఆగాలి. దాడి హెలికాప్టర్ గాల్లో ఉండగలిగేది రెండున్నర గంటలు, అటూ ఇటుగా. అందుకే యుద్ధరంగానికి దగ్గర్లో, ఎడారిలోనో పొలంలోనో, తాత్కాలిక స్థావరం వేస్తారు. రబ్బరు సంచుల్లో ఇంధనం, పెట్టెల్లో రాకెట్లు, చీకట్లో మసక దీపాలు. హెలికాప్టర్ దిగుతుంది, రోటర్ ఆగదు. తిరుగుతున్న రెక్కల కింద వంగి నడుస్తూ ఒకరు గొట్టం తగిలిస్తారు, ఇంకొకరు క్షిపణిని పట్టాలోకి నెడతారు, మరొకరు తుపాకీ తొట్టెలోకి తూటాలు ఎక్కిస్తారు. మాట వినపడదు, అంతా చేతి సైగలే. ఇసుక కళ్లలోకి, ఇంజిన్‌లోకి, తినే అన్నంలోకి కూడా పోతుంది. కొద్ది నిమిషాల్లో హెలికాప్టర్ మళ్లీ లేస్తుంది. వీళ్లకు పతకాలు అరుదు. ఈ స్థావరం లేకపోతే ఎంత ఖరీదైన హెలికాప్టరైనా ఒక్కసారి వెళ్లి వచ్చి ఆగిపోవాల్సిందే.

ఇంధనం ఆలస్యమైతే ఏమవుతుందో 2003 మార్చిలో తేలింది. ఇరాక్‌లోని కర్బలా దగ్గర ఇరాక్ సైన్యపు మదీనా డివిజన్ మీద రాత్రి దాడికి అమెరికా 11వ అటాక్ హెలికాప్టర్ రెజిమెంట్ సిద్ధమైంది. ఇంధనం చాలినంత చేరలేదు, బయలుదేరడం ఆలస్యమైంది. దుమ్ములో పైకి లేస్తూనే ఒకటి పడిపోయింది. మిగిలిన సుమారు 30 అపాచీలు ఊళ్ల మీదుగా వెళుతుండగా కింద దీపాలన్నీ ఒక్కసారిగా ఆరి మళ్లీ వెలిగాయి. అది సైగ. ఆ వెంటనే మేడల మీద నుంచి, వీధుల్లోంచి తుపాకులు పేలాయి. ఒకటి కూలింది, దాని పైలట్లిద్దరూ పట్టుబడి సుమారు మూడు వారాల తర్వాత బయటపడ్డారు. తిరిగొచ్చినవాటిలో దాదాపు అన్నిటికీ తూటాలు తగిలాయి. ఆ తర్వాతి రోజుల్లో చాలావాటిని మళ్లీ ఎగిరేలా చేసింది మెకానిక్‌లే. చీకటి ఇక కాపాడదని, గాల్లో ఒకచోట నిలబడి కాల్చడం చావుకు ఎదురెళ్లడమేనని దళాలకు అర్థమైంది. కదులుతూ కాల్చడం, ఫిరంగులతో, విమానాలతో కలిసి వెళ్లడం మళ్లీ మొదలైంది.

ఎత్తు మాట వచ్చినప్పుడు కార్గిల్‌ను వదలలేం. 1999లో ఆ శిఖరాల మీద పోరాడగల దాడి హెలికాప్టర్ భారత వైమానిక దళం దగ్గర లేదు. రవాణాకు వాడే ఎంఐ-17లకే రాకెట్లు బిగించి పంపారు. మే 28న తోలోలింగ్ దగ్గర ఒకదాన్ని భుజం మీది క్షిపణి కూల్చింది. నలుగురు సిబ్బంది చనిపోయారు. ఆ తర్వాత ఎంఐ-17లను దాడుల నుంచి తప్పించారు. ప్రచండ్ ఆలోచనకు బీజం అక్కడ పడింది. 2006లో అనుమతి, 2010లో తొలి ప్రయాణం, 2022 అక్టోబరులో జోధ్‌పూర్‌లో దళప్రవేశం. ఆ నలుగురు పోయిన ఇరవై మూడేళ్లకు. ఇప్పటి 156 హెలికాప్టర్ల ఒప్పందాన్ని ఈ లెక్కతో కలిపి చదవాలి.

ఇక ఉక్రెయిన్. 2022 ఫిబ్రవరి 24న రష్యా హెలికాప్టర్లు పట్టపగలు హోస్టోమెల్ విమానాశ్రయం మీదికి వెళ్లాయి, కొన్ని కూలాయి. కొద్ది వారాల్లోనే రెండు పక్షాలూ పద్ధతి మార్చాయి. నేలను రాసుకుంటూ వచ్చి, ముక్కు పైకెత్తి, దూరం నుంచే రాకెట్లు వదిలి వెనక్కి తిరిగేవి. గురి తప్పినా ప్రాణం దక్కుతుంది. 2023 వేసవిలో ఉక్రెయిన్ సైన్యం మందుపాతరల మధ్య ఇరుక్కున్నప్పుడు మాత్రం, రష్యా కేఏ-52 దాడి హెలికాప్టర్లు దూరాన నిలబడి క్షిపణులతో కవచ వాహనాలను ఒక్కొక్కటిగా కొట్టాయి. దాడి హెలికాప్టర్ పని అయిపోయిందన్నవాళ్లు అప్పుడు మాట మార్చుకోవాల్సి వచ్చింది.

అదే ఏడాది అక్టోబరు 17న ఉక్రెయిన్ తొలిసారి వాడిన అటాకమ్స్ (అమెరికా ఇచ్చిన, దూరం నుంచి నేల మీది లక్ష్యాలను కొట్టే) క్షిపణులు బెర్దియాన్స్క్, లుహాన్స్క్ స్థావరాల మీద పడ్డాయి. నేల మీద నిలిపి ఉన్న హెలికాప్టర్లే కాలిపోయాయి. నా దృష్టిలో దళాల జీవితాన్ని అన్నిటికంటే ఎక్కువగా మార్చింది ఇదే. ఎత్తు పోయింది, చీకటి పోయింది, ఇప్పుడు విశ్రాంతి స్థలం కూడా పోయింది. స్థావరం వెనక్కి జరిపితే గాల్లో గడిపే సమయమంతా రాకపోకలకే సరిపోతుంది. ముందుకు తెస్తే డ్రోన్ల కంట్లో పడుతుంది. అప్పుడు తెల్లవార్లూ టెన్షన్‌తో పనిచేయాల్సింది పైలట్లకంటే ఎక్కువగా మెకానిక్‌లూ, ఇంధనం మోసేవాళ్లూ.

జపాన్, పోలండ్ దారులు వేరవడానికి కారణం నాకు ఇక్కడే కనిపిస్తోంది. చుట్టూ సముద్రం ఉన్న దేశానికి చిన్న దీవుల మీద అలాంటి స్థావరం వేసి కాపాడుకోవడం మహా కష్టం. ట్యాంకులు కదలగల మైదానం, పొడవైన భూసరిహద్దు ఉన్న దేశానికి ఆ స్థావరాన్ని రోజుకో చోటికి మార్చుకునే వీలుంది.

ఈలోగా ఒక పాత పని మళ్లీ మొదలైంది. ఉక్రెయిన్ మీదికి రాత్రిళ్లు గుంపులుగా వచ్చే రష్యా షాహెద్ దాడి డ్రోన్లను వెంటాడటానికి హెలికాప్టర్లు పంపుతున్నారు. వాటిలో కొన్ని మామూలు రవాణా ఎంఐ-8లే. డ్రోన్‌కు పక్కగా వేగం కలిపి ఎగురుతారు. తెరిచిన తలుపు దగ్గర, అల్జీరియాలో కూర్చున్నట్టే, మెషిన్‌గన్ పట్టుకుని ఒక మనిషి కూర్చుంటాడు.